రెండో డిస్కు ఎందుకు లేవలేదు: బూట్ లోడర్ ప్రాజెక్టు డైరీ

మంగళవారం, రాత్రి

పొద్దున్న ఆరున్నరకి బావ ఫోన్. "తెర మీద చిన్న గీత ఒకటి ఆరి వెలుగుతోంది బావా, ఇంకేమీ రావట్లేదు. పళ్లు తోముకుని వచ్చెయ్, టిఫిన్ ఇక్కడే తెప్పిస్తా" అన్నాడు.

బావకి గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు. సీజన్లో తెల్లారకముందే టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతాయి. బేరం కుదిరి కాటా అయ్యాక రైతు చేతిలో పట్టీ (లెక్కల చీటీ) పెట్టాలి. ఆ పట్టీలన్నీ ఒక్క కంప్యూటర్లోంచే రావాలి. అది పాత డెస్క్‌టాప్, డెబియన్ అనే లినక్స్ మీద నడుస్తుంది. 500 జీబీ డిస్కులు రెండు పెట్టి లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్-1, అంటే రెండింట్లోనూ ఒకే డేటా రాసే మిర్రర్ (అద్దం), కట్టింది నేనే. ఒక డిస్కు పోయినా రెండోది కాపాడుతుందని అప్పట్లో గొప్పగా చెప్పిందీ నేనే.

రెండేళ్ల కిందట రెండో డిస్కు పోయింది. కొత్తది తెచ్చి, మొదటి డిస్కు పార్టిషన్ టేబుల్ (డిస్కు భాగాల పట్టిక) దాని మీదికి ఎక్కించి, మిర్రర్‌లో చేర్చి, సింక్ అయ్యేదాకా కూర్చున్నాను. మిర్రర్ స్థితి చూపించే ఎండీస్టాట్‌లో, డిస్కులు బాగున్నాయనే గుర్తుగా రెండు 'యూ'లు పక్కపక్కన కనిపించాక టీ తాగి ఇంటికొచ్చేశాను. ఇవాళ పోయింది మొదటి డిస్కు. మిగిలినదాంట్లో లెక్కలన్నీ ఒక్క పైసా తేడా లేకుండా ఉన్నాయి. లేనిదల్లా బూట్ కోడ్. అప్పుడు నేను వాడిన ఎస్‌ఎఫ్‌డిస్క్ కమాండ్ పార్టిషన్ టేబుల్‌ని మాత్రమే రాస్తుంది. మొదటి సెక్టార్లో టేబుల్‌కి ముందుండే 440 బైట్ల కోడ్ జోలికి అది పోదు. సెక్టార్ చివర 55ఏఏ సంతకం మాత్రం ఉంది కాబట్టి కంప్యూటర్‌ని మొదట లేపే బయాస్ నమ్మి అందులోకి దూకింది. దూకిన చోట అన్నీ సున్నాలు. ఆ గీత అందుకే అలా వెలుగుతూ ఉండిపోయింది.

రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో లేపి, డిస్కులోని సిస్టమ్ లోపలికి (క్రూట్) వెళ్లి, మిగిలిన డిస్కుకి గ్రబ్ అనే బూట్ లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాము) వేసేసరికి పదకొండయింది. అప్పటిదాకా గుమస్తాగారు కార్బన్ కాగితం పెట్టి పట్టీలు చేత్తోనే రాశారు. బావ తిట్టలేదు. "ఒకటి పోతే ఇంకోటి ఉంటుందన్నావుగా" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఈ నెల్లోనే యార్డుకి వేసవి సెలవులు మొదలవుతాయి. అవి అయిపోయేలోపు తేల్చాల్సింది ఒకటే: మిర్రర్ డిస్కులున్న కంప్యూటర్‌కి ఏ బూట్ లోడర్‌ని నమ్మాలి?

ఆదివారం

ముందు నా బుర్రలోని తప్పుని దిద్దుకోవాలి. మిర్రర్ అంటే డిస్కులు రెండూ ఒకేలా ఉంటాయని అనుకుంటాం. అద్దంలా ఉండేది ఎండీ (లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్) పరికరంలోకి చేరిన పార్టిషన్లు మాత్రమే. మొదటి సెక్టారు, దాని తర్వాత పార్టిషన్ మొదలయ్యేదాకా ఉండే ఖాళీ, యూఈఎఫ్‌ఐ (బయాస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్) యంత్రాల్లో అయితే బూట్ ఫైళ్లుండే ఈఎస్‌పీ పార్టిషన్, ఇవన్నీ అద్దానికి బయటే. పైగా మిర్రర్‌కి ప్రాణం వచ్చేది లినక్స్‌కి గుండెలాంటి కెర్నల్ లేచి, దానితో వచ్చే చిన్న తాత్కాలిక సిస్టమ్ (ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్) దాన్ని కూర్చాక. అంతకుముందు జరిగేదంతా దాదాపు ఒంటరి డిస్కు పనే.

కాబట్టి నేను చూడాల్సింది మెనూ అందం కాదు. అద్దానికి బయట ఎంత సరుకు ఉంది, అది ఎన్నిసార్లు మారుతుంది, డిస్కు మార్చిన రోజున నేను గుర్తుపెట్టుకుని చేయాల్సిన పనులెన్ని.

మదర్‌బోర్డు ఇచ్చే రెయిడ్ సంగతి బావే అడిగాడు. వద్దన్నాను. ఆ బోర్డు కాలిపోతే అలాంటి బోర్డే వెతుక్కోవాలి. పాత సామాన్ల షాపుల్లో ఆ పని నేను ఒకసారి చేశాను, మళ్లీ చేయను.

సోమవారం

ఇంట్లో టెస్ట్ బెంచ్ రెడీ. బావ కొట్టులోదాని లాంటిదే పాత బోర్డు, రెండు సాటా డిస్కులు, మూత తీసేసిన కేబినెట్. డిస్కులు ఆ కొట్టులోంచి తెచ్చినవే. బ్రష్‌తో దులుపుతుంటే మిరప దుమ్ము లేచి ఇల్లంతా తుమ్ములు. మా ఆవిడ బెంచిని బాల్కనీలోకి గెంటేసింది.

లిలో అనే పాత బూట్ లోడర్‌తో మొదలుపెట్టాను, పాత స్నేహం కొద్దీ. దానికి ఫైల్ సిస్టమ్ అంటే తెలియదు. కెర్నల్ డిస్కులో ఏ ఏ సెక్టార్లలో ఉందో ఒక పటం రాసుకుని, బూట్ టైములో ఆ పటం పట్టుకుని పోతుంది. రెయిడ్-1 సంగతి దానికి తెలుసు. కాన్ఫిగ్‌లో ఒక లైను పెడితే అన్ని డిస్కుల ఎంబీఆర్‌లలోనూ (మొదటి సెక్టార్లు) తానే రాసుకుంటుంది. ఆ ఒక్క విషయంలో చాలా లోడర్ల కంటే బుద్ధిమంతురాలు. కానీ కెర్నల్ మారినప్పుడల్లా లిలో కమాండ్ మళ్లీ నడపాలి. మర్చిపోతే పటం పాతది, ఊరు కొత్తది. తెర మీద "ఎల్ఐ" అని రెండక్షరాలు పడి ఆగిపోయిన రోజులు నాకింకా గుర్తే. దాని అభివృద్ధి కూడా 2015 డిసెంబరుతో ఆగిపోయింది. దండం పెట్టి పక్కన పెట్టాను.

పాత గ్రబ్, అంటే 0.97, మీద గంట కూడా పెట్టలేదు. దానికి మిర్రర్ అంటే తెలియదు. ఒక డిస్కుని మామూలు డిస్కులా చదివేస్తుంది. రెండో డిస్కుకి వేసేటప్పుడు "ఇదే హెచ్‌డీ0 అనుకో" అని అబద్ధం చెప్పి వేయాలి, ఎందుకంటే మొదటిది పోయాక బయాస్ దీన్నే మొదటి డిస్కుగా చూపిస్తుంది. అబద్ధం చెప్పడం మర్చిపోతే, లేని డిస్కులో కెర్నల్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటుంది.

బుధవారం

రెండు రోజులుగా ఎక్స్‌ట్‌లినక్స్ అనే ఇంకో బూట్ లోడర్‌తో గడిపాను. దీని మీద నాకు మనసు పడిందని ముందే ఒప్పుకుంటున్నా.

దీని పద్ధతి వేరు. లోడర్ ఫైలు బూట్ ఫైల్ సిస్టమ్‌లోనే ఉంటుంది, బూట్ సెక్టారు ఆ పార్టిషన్ మొదట్లో ఉంటుంది. మిర్రర్ వివరాలు రాసుకునే ఎండీ మెటాడేటా పద్ధతుల్లో 1.0 వాడితే, ఆ వివరాలుండే సూపర్‌బ్లాక్ పార్టిషన్ చివర్లో పడుతుంది. మొదట్లో ఫైల్ సిస్టమ్ మామూలుగానే కనిపిస్తుంది. ఈ రోజుల్లో ఏమీ చెప్పకపోతే వచ్చేది 1.2. అది మొదటి నుంచి 4 కేబీ దూరంలో కూర్చుని, డేటాని ఇంకా లోపలికి నెట్టేస్తుంది. అప్పుడు ఎక్స్‌ట్‌లినక్స్‌కి దారి దొరకదు. 1.0 పెట్టి కట్టిన మిర్రర్ మీద ఒక్కసారి ఎక్స్‌ట్‌లినక్స్ వేస్తే, బూట్ సెక్టార్‌తో సహా అంతా రెండు డిస్కుల్లోకీ తానే వెళ్లిపోతుంది. అద్దానికి బయట మిగిలేది ఆ 440 బైట్ల ఎంబీఆర్ కోడ్ ఒక్కటే. దాని పనల్లా యాక్టివ్ పార్టిషన్‌ని వెతికి అందులోకి దూకడం. వెర్షన్లు మారినా దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు. వేసేటప్పుడు రెయిడ్ ఆప్షన్ ఇస్తే, ఒక డిస్కులో బూట్ విఫలమైనప్పుడు ఆగిపోకుండా తర్వాతి డిస్కుకి వదిలేయమని బయాస్‌కి చెబుతుంది కూడా.

మొదటి డిస్కు కేబుల్ పీకాను. లేచింది. రెండోది పీకాను. లేచింది. బాల్కనీలో ఒక్కణ్నే చప్పట్లు కొట్టుకున్నాను.

తర్వాత లోపాలు బయటపడ్డాయి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ని ఇప్పటి డీఫాల్ట్ సెట్టింగ్స్‌తో ఫార్మాట్ చేస్తే 64-బిట్ అనే ఫీచర్ ఆన్ అయి ఉంటుంది, అది దీనికి పడదు. బూట్ పార్టిషన్‌ని ఈఎక్స్‌టీ2గా మార్చాకే దారికొచ్చింది. ఇంకోటి, కొత్త కెర్నల్ వచ్చినప్పుడు మెనూ రాసే స్క్రిప్టు మనమే రాసుకోవాలి. ఎక్స్‌ట్‌లినక్స్ ఉన్న సిస్‌లినక్స్ కుటుంబంలో చివరి స్థిర వెర్షన్ 6.03 వచ్చింది 2014లో. లిలోని ఆగిపోయిందని తోసేసి, దీన్ని నెత్తికెత్తుకుంటే న్యాయమేనా?

శుక్రవారం

ఇవాళ నా తెలివితక్కువతనంతో ఒక పాఠం. మొన్న మొదటి డిస్కు పీకి రెండో దాంతో లేపానా, ఆ వెంటనే రెండోది పీకి మొదటిదాంతో లేపాను. మధ్యలో రెండింటినీ కలిపి సింక్ చేయలేదు. ఇవాళ రెండు కేబుళ్లూ పెట్టి ఆన్ చేస్తే మిర్రర్ కలవలేదు. రెండూ విడివిడిగా లేచాయి, విడివిడిగా రాసుకున్నాయి. ఒకదాని సూపర్‌బ్లాక్ చూస్తే రెండోది పోయిందని ఉంది. రెండోదాన్ని అడిగితే మొదటిది పోయిందంది. ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా నేనే అసలంటే నేనే అసలు.

బెంచ్ కాబట్టి సరిపోయింది. కొట్టులో అయితే ఒక డిస్కులో పొద్దున్న పట్టీలు, రెండోదాంట్లో సాయంత్రం పట్టీలు ఉండేవి. ఒకదాని సూపర్‌బ్లాక్ చెరిపేసి, కొత్త డిస్కులా చేర్చి, మొదటి నుంచి సింక్ చేయించాను. 500 జీబీకి గంటన్నర పట్టింది. ఇకమీదట ఒక డిస్కు పీకి చూశాక, దాన్ని తిరిగి చేర్చి, రెండు 'యూ'లూ కనిపించేదాకా రెండోదాన్ని ముట్టుకోను. రైట్-ఇంటెంట్ బిట్‌మ్యాప్ పెట్టుకుంటే అదే డిస్కు తిరిగి వచ్చినప్పుడు మారిన ముక్కల్నే సింక్ చేస్తుంది. గంటన్నర కాస్తా నిమిషాల్లోకి దిగింది.

ఆదివారం

గ్రబ్ 2 వంతు.

దీనికి మిర్రర్ అంటే నిజంగా తెలుసు. మెటాడేటా 1.2 కూడా చదవగలదు. తన ఫైళ్లు ఎక్కడున్నాయో డిస్కు నంబరుతో కాకుండా మిర్రర్ యూయూఐడీతో (దానికే ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి బయాస్ ఏ డిస్కుని ముందు చూపించినా, ఒకటే మిగిలినా తికమకపడదు. పైన ఎల్‌వీఎం (డిస్కు చోటుని కావలసినట్టు పంచే పొర) ఉన్నా సరే. ఇంత తెలివి ఊరికే రాదు. 440 బైట్ల వెనక కోర్ ఇమేజ్ అని ఇంకో ముక్క ఉంటుంది, అది ఎంబీఆర్‌కీ మొదటి పార్టిషన్‌కీ మధ్య ఖాళీలో కూర్చుంటుంది. ఇప్పటి డిస్కుల్లో మొదటి పార్టిషన్ 2048వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది కాబట్టి దాదాపు 1 ఎంబీ చోటుంది. పాత పద్ధతిలో 63వ సెక్టార్ నుంచే మొదలయ్యేది, చోటు 31 కేబీ మాత్రమే. నా బెంచిలోని ఒక పాత డిస్కు ఆ కాలందే. మిర్రర్, దాని మీద ఎల్‌వీఎం, రెండింటి మాడ్యూళ్లూ కలిపితే కోర్ ఇమేజ్ పట్టలేదు. ఎంబెడింగ్ ఏరియా మరీ చిన్నదని మొరాయించింది. పాత డిస్కు టేబుల్‌ని కొత్త డిస్కుకి కాపీ కొడితే ఈ ఇరుకు కూడా కాపీ అవుతుంది. టేబుల్ కొత్తగా వేసుకోవడమే మంచిది. జీపీటీ అనే కొత్త రకం టేబుల్ అయితే ఈ ఖాళీని నమ్ముకోకుండా కోర్ ఇమేజ్‌కి 1 ఎంబీ బయాస్ బూట్ పార్టిషన్ ఒకటి, రెండు డిస్కుల్లోనూ.

అసలు ప్రమాదం ఇక్కడుంది. కోర్ ఇమేజ్ అద్దానికి బయట ఉంటుంది. అది లోడ్ చేసుకునే మాడ్యూళ్లు బూట్ డైరెక్టరీలో, అద్దం లోపల ఉంటాయి. ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయినప్పుడు రెండూ కలిసి మారాలి. ఒక డిస్కులో కోర్ పాతదిగా మిగిలిపోతే పాత తాళానికి కొత్త చెవి పెట్టినట్టే. ఇది ఊహ కాదు. 2020 జులైలో బూట్‌హోల్ అనే భద్రతా లోపం బయటపడి, అందరూ హడావిడిగా గ్రబ్ అప్‌గ్రేడ్ చేసుకున్నారు. ఆ తర్వాత చాలా కంప్యూటర్లు "సింబల్ గ్రబ్_కాలాక్ నాట్ ఫౌండ్" అని రెస్క్యూ ప్రాంప్ట్‌లో పడి ఉండిపోయాయి. బూట్ అయ్యే డిస్కులో కోర్ పాతది, మాడ్యూళ్లు కొత్తవి.

అదే తప్పుని కావాలని చేసి చూశాను. డెబియన్ 10 తొలి విడత ఇన్‌స్టాల్ చేసి, రెండు డిస్కులకీ గ్రబ్ వేసి, అప్‌గ్రేడ్ అప్పుడు ఒక్క డిస్కుకే టిక్కు పెట్టాను. టిక్కు పెట్టినదాంతో హాయిగా లేచింది. దాన్ని పీకి రెండోదాంతో లేపితే అదే మెసేజ్, అక్షరం పొల్లు పోకుండా. మామూలు రోజుల్లో మొదటి డిస్కుతోనే లేస్తుంది కాబట్టి, రెండోదాంట్లో కోర్ పాతబడిన సంగతి ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు. తెలిసేది మొదటిది పోయిన రోజునే. నాకు తెలిసినట్టు.

డెబియన్‌లో ఆ టిక్కులు పెట్టే చోటు గ్రబ్-పీసీ ప్యాకేజీ రీకాన్ఫిగర్. ఏ ఏ డిస్కులకి వేయాలో అక్కడ అడిగి గుర్తుపెట్టుకుంటుంది. గుర్తుపెట్టుకునేది ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి వరస పేర్లతో కాదు. డిస్కు మోడల్, సీరియల్ నంబరు కలిసిన పేరుతో. అది మంచి పనే, కేబుళ్లు అటూఇటూ మార్చినా తప్పు జరగదు. కానీ డిస్కు మారిస్తే సీరియల్ నంబరు మారుతుంది, కొత్త డిస్కు ఆ జాబితాలోకి తనంతట తాను చేరదు. రెండేళ్ల కిందట మిర్రర్‌లో చేర్చి టీ తాగానే, ఆ టీకి ముందు చేయాల్సిన పని ఇది.

చిన్న చికాకు ఒకటి. మిర్రర్ మీద గ్రబ్ చదవగలదు, రాయలేదు. "డిస్క్‌ఫిల్టర్ రైట్స్ ఆర్ నాట్ సపోర్టెడ్" అని కోప్పడి, ఏదైనా కీ నొక్కమంటుంది. బూట్ ఆగదు. కానీ గుమస్తాగారు చూస్తే వెంటనే నాకు ఫోన్ చేస్తారు. ఆఖరిసారి ఎంచుకున్న మెనూని గుర్తుపెట్టుకునే సెట్టింగ్ తీసేస్తే పోయింది.

మంగళవారం

కొట్టుకి కొత్తగా కొన్న రెండో కంప్యూటర్ యూఈఎఫ్‌ఐది. అక్కడ ఎంబీఆర్ గొడవే లేదు, ఇంకో గొడవ ఉంది. ఫర్మ్‌వేర్‌కి తెలిసింది ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ ఉన్న పార్టిషన్ ఒక్కటే. దానికి మిర్రర్ గురించి ఎవరూ చెప్పలేదు.

ఈఎస్‌పీని కూడా మెటాడేటా 1.0తో మిర్రర్ చేస్తే ఫర్మ్‌వేర్‌కి మామూలు ఫ్యాట్‌లాగే కనిపిస్తుంది. చేసి చూశాను, లేచింది. కానీ ఫర్మ్‌వేర్ ఎప్పుడైనా ఆ ఈఎస్‌పీలో ఏదైనా రాస్తే అది ఒక్క డిస్కులోనే పడుతుంది. ఎండీకి ఆ సంగతి తెలియదు, రెండూ ఒకటేనని నమ్ముతూనే ఉంటుంది. అబద్ధం ఆడే అద్దం కంటే రెండు విడి కాపీలు నయం. రెండు డిస్కుల్లో రెండు వేరువేరు ఈఎస్‌పీలు పెట్టి, ఒకదాన్ని రెండోదాంట్లోకి కాపీ చేసే పద్ధతికి వచ్చాను.

సిస్టమ్‌డీ-బూట్ అనే లోడర్ తేలికైనదే, కానీ అది కెర్నల్‌నీ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌నీ బూట్ కోసం ఫ్యాట్‌లో పెట్టమంటుంది. అంటే కెర్నల్ మారిన ప్రతిసారీ అద్దానికి బయటి సరుకు మారుతుంది. ప్రాక్స్‌మాక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇందుకోసమే ఈఎస్‌పీలన్నింటినీ సమానం చేసే ఒక టూల్ రాసుకున్నారు. నాకు అంత సరంజామా లేదు. డెబియన్ గ్రబ్ అయితే ఈఎస్‌పీలో గ్రబ్ ఫైళ్లు, అసలు కాన్ఫిగ్ ఎక్కడుందో యూయూఐడీతో చూపించే బుల్లి ఫైలు, అంతే. అసలు కాన్ఫిగ్, కెర్నళ్లు మిర్రర్ లోపలే. కాబట్టి కాపీ చేయాల్సిన అవసరం గ్రబ్ ప్యాకేజీ మారినప్పుడే వస్తుంది. ప్యాకేజీలు వేసే ఏపీటీ పని ముగించాక కాపీ చేసేలా నాలుగు లైన్ల హుక్ (చిన్న స్క్రిప్టు) రాశాను. ఫర్మ్‌వేర్ బూట్ లిస్టులో రెండు డిస్కులకీ వేరువేరు పేర్లతో ఎంట్రీలు పెట్టాను. అది ఎప్పుడైనా ఆ ఎంట్రీలు మర్చిపోతుందేమోనని, రెండింట్లోనూ బూట్‌ఎక్స్64 అనే డీఫాల్ట్ దారిలో కూడా ఒక కాపీ.

పీకి చూశాను. గ్రబ్ వచ్చింది. కెర్నల్ వచ్చింది. మిర్రర్ ఒంటికాలి మీద లేచింది. అమ్మయ్య అనుకునేంతలో ఆగిపోయింది. 90 సెకన్లు లెక్కపెట్టి, ఎమర్జెన్సీ మోడ్, రూట్ పాస్‌వర్డ్ అడుగుతోంది.

బూట్ అప్పుడు ఏ పార్టిషన్లని మౌంట్ చేయాలో (తగిలించాలో) రాసుండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో పీకేసిన డిస్కు ఈఎస్‌పీ ఉంది. అది దొరక్క, కెర్నల్ తర్వాత అన్నిటినీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ ఎదురుచూసి ఎదురుచూసి చేతులెత్తేసింది. బూట్ లోడర్ గురించి రెండు వారాలు తల బాదుకుని, కంప్యూటర్‌ని ఆపింది ఒక మౌంట్ లైను. రెండు ఈఎస్‌పీ లైన్లకీ "నోఫెయిల్" (దొరక్కపోయినా ఆగొద్దు) తగిలించాను. పనిలో పనిగా స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) కూడా చూస్తే ఒక డిస్కులోనే విడిగా ఉంది. దాన్నీ మిర్రర్‌లోకి మార్చాను. లేకపోతే నడుస్తుండగా ఆ డిస్కు పోతే స్వాప్‌లోకి వెళ్లిన ప్రోగ్రాములన్నీ దాంతోపాటే పోతాయి.

గురువారం

తేల్చేశాను. రెండింటికీ గ్రబ్ 2. పాతదానికి ఎక్స్‌ట్‌లినక్స్ పెట్టాలని చివరి నిమిషం దాకా మనసు పీకింది. పెట్టకపోవడానికి కారణం టెక్నికల్ కాదు. రేపు నేను ఊళ్లో లేనప్పుడు ఎవరో కుర్రాడు వచ్చి కూర్చుంటాడు. వాడికి గ్రబ్ తెలిసి ఉంటుంది, నేను రాసుకున్న స్క్రిప్టులు తెలియవు.

గ్రబ్‌లో నాకున్న భయానికి ఒక కాపలా పెట్టాను. రోజూ రాత్రి నడిచే చిన్న స్క్రిప్టు. పాత కంప్యూటర్లో రెండు డిస్కుల మొదటి 440 బైట్లనీ పోలుస్తుంది. డిస్కు సంతకం 440వ బైటు తర్వాత ఉంటుంది, అది వేరుగానే ఉండాలి కాబట్టి దాన్ని వదిలేస్తుంది. ఆ తర్వాత కోర్ ఇమేజ్ ఎంత పొడవుంటే అంత మేర పోలుస్తుంది. కొత్త కంప్యూటర్లో రెండు ఈఎస్‌పీల ఫైళ్లని పోలుస్తుంది. తేడా ఉంటే నాకు మెయిల్. మొదటి రాత్రే మెయిల్ వచ్చింది. చూస్తే, స్క్రిప్టులో నేనే రెండో డిస్కు పేరు తప్పుగా రాశాను, దాంతో అది దొరకలేదని గొడవపెట్టింది.

శనివారం, కొట్టులో

యార్డు ఇంకా తెరవలేదు. రోడ్లు ఖాళీ, ఘాటు మాత్రం అలాగే ఉంది. రెండు డిస్కుల మీదా సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు మార్కర్‌తో పెద్దగా రాసి అతికించాను. కేబినెట్ లోపలి వైపు ఒక కాగితం: డిస్కు మార్చాక మిర్రర్‌లో చేర్చు, గ్రబ్ జాబితాలో టిక్కు పెట్టు, పోలిక స్క్రిప్టు నడుపు, పాత డిస్కు పీకి లేపి చూడు. నాలుగూ అయ్యాకే టీ.

బావ కంప్యూటర్ దగ్గరికి రానన్నాడు, దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కేబుల్ పీకింది గుమస్తాగారు. ఆయన చేత్తో పీకితేనే ఆయనకి నమ్మకం కుదురుతుందని నేనే అడిగాను. కంప్యూటర్ ఆపి, మొదటి డిస్కు కేబుల్ లాగి, ఆన్ చేశారు. మిర్రర్ పీకేసిన డిస్కు కోసం కాసేపు వెతికింది, ఆ కాసేపూ ముగ్గురం ఊపిరి బిగబట్టాం. పట్టీల స్క్రీన్ వచ్చింది. ఆయన పాత పట్టీ ఒకటి తెరిచి, రైతు పేరు, టిక్కీలు, కాటా, అన్నీ పుస్తకంతో సరిచూసుకున్నారు.

కేబుల్ తిరిగి పెట్టి డిస్కుని చేర్చాను. సింక్ నడుస్తోంది, పదకొండు శాతం. గుమస్తాగారు తెరనీ, రెండో కేబుల్‌నీ మార్చి మార్చి చూస్తున్నారు.

"ఇది కూడా పీకెయ్యమంటారా బాబూ?"

"ఆగండాగండి" అని బావా నేనూ ఒకేసారి అరిచాం.